మంచం పక్కన దొరికిన కిస్సింగ్ బగ్

ప్రశ్న: టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో శివార్లలో ఉంటున్నాం. పోయిన వారం రాత్రి దిండు పక్కన నల్లటి పురుగు కనబడితే చెప్పుతో కొట్టి చంపాను. పొట్ట అంచున నారింజ రంగు చారలున్నాయి. ఫొటో చూసిన స్నేహితురాలు అది కిస్సింగ్ బగ్ అనీ, చాగస్ వ్యాధి వస్తుందనీ చెప్పింది. నా మెడ మీద రెండు దద్దుర్లున్నాయి. నాకిప్పుడు ఐదో నెల. నాకూ బిడ్డకూ ప్రమాదమా? పెరట్లో పడుకునే మా కుక్క సంగతేమిటి?

జవాబు: అమ్మా, ఆ పురుగు కుట్టినంత మాత్రాన చాగస్ రాదు. దీనికి కారణమైన ట్రిపనోసోమా క్రూజీ అనే సూక్ష్మజీవి పురుగు పేగుల్లో పెరిగి, మలంతో బయటికి వస్తుంది. దోమ మలేరియాను లాలాజలంతో ఎక్కిస్తుంది. ఈ పురుగు సంగతి వేరు. రక్తం తాగుతూనో తాగిన వెంటనేనో అది మన ఒంటి మీద మలం వదలాలి. నిద్రలో మనం గోక్కుంటూ ఆ మలాన్ని గాయంలోకో కంట్లోకో పులుముకోవాలి. సూక్ష్మజీవి ఉన్న పురుగే తగిలినా, సగటున 900 నుంచి 4,000 సార్లు తగిలితే ఒకసారి జబ్బు అంటుకుంటుందని 2013లో వచ్చిన ఒక పరిశోధన లెక్క. పైగా టెక్సస్ జాతుల్లో చాలావాటికి తాగిన చోటే మలం వదిలే అలవాటు తక్కువ. అక్కడ పట్టిన పురుగుల్లో సగానికి పైగా వాటిలో ఈ సూక్ష్మజీవి కనబడుతున్నా, స్థానికంగా జబ్బు పడినవారు కొద్దిమందే.

ఈ లెక్క మీకు ఊరట. బొలీవియా పల్లెల్లో మాత్రం అదే లెక్క నన్ను కలవరపెడుతుంది. మట్టిగోడల పగుళ్లలో ఈ పురుగులు కాపురముండే ఇంట్లో పుట్టిన పిల్లవాడికి ఆ వేల కాట్లు చిన్నతనంలోనే పూర్తవుతాయి. ఈ వ్యాధిని కనిపెట్టిన వైద్యుడు కార్లోస్ చాగస్ 1909లో బ్రెజిల్‌లోని లసాన్స్ అనే ఊళ్లో మనుషుల్లో ఈ జీవిని మొదట చూసింది కూడా రెండేళ్ల పాప రక్తంలోనే. ఇప్పటికీ 60 నుంచి 70 లక్షల మంది ఒంట్లో ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చాలామందికి ఆ సంగతే తెలియదు. దశాబ్దాల తర్వాత వారిలో దాదాపు మూడో వంతు మందికి గుండె దెబ్బతింటుంది. నివారణ చేతకాక ఇలా జరగడం లేదు: ఇళ్లకు మందు చల్లించి ఉరుగ్వే 1997 నాటికే పురుగు ద్వారా వ్యాప్తిని ఆపగలిగింది. పేదల ఇళ్ల గోడలకు ఆ శ్రద్ధ అన్ని చోట్లా దక్కలేదు, అంతే.

ఇక మీ ఇంటి విషయం. ఇంకొకటి కనబడితే కొట్టకండి, నలిపితే పేగుల్లోని మలం చిమ్ముతుంది. సీసా బోర్లించి, చేతికి తగలకుండా లోపలికి తోసి, ఫ్రీజర్‌లో పెట్టండి. టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఈ పురుగుల మీద పనిచేసే బృందానికి ఫొటో పంపితే ఏ జాతో చెబుతారు. అచ్చం ఇలాగే ఉండే హానిలేని పురుగులు చాలా ఉన్నాయి కాబట్టి ఇది ముఖ్యం. చంపిన చోటును ఒక వంతు బ్లీచు, తొమ్మిది వంతుల నీటితో తుడవండి.

పురుగు సంగతి మీ ప్రసూతి వైద్యురాలికి ఇప్పుడే చెప్పండి. పరీక్షలో వెతికే యాంటీబాడీలు (జబ్బును ఎదుర్కోవడానికి రక్తంలో తయారయ్యే పదార్థాలు) ఏర్పడటానికి వారాలు పడుతుంది కాబట్టి పరీక్ష ఎప్పుడు చేయాలో ఆమే నిర్ణయిస్తారు. ఈలోగా జ్వరం వచ్చినా, ఒక కంటి రెప్ప వాచినా ఆగకుండా వెళ్లండి. తల్లికి సోకినా బిడ్డకు చేరేది కొద్దిమందిలోనే. పుట్టిన మొదటి ఏడాదిలో కనిపెట్టి మందిస్తే ఆ పిల్లల్లో నూటికి 90 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. కాన్పు అయ్యే వరకు తల్లికి సాధారణంగా ఈ మందులు ఇవ్వరు.

నిజానికి మీ ఇంట్లో నాకు ఎక్కువ దిగులు కుక్క గురించే. కుక్కలు ఈ పురుగులను తినేస్తాయి, అలాగే జబ్బు తెచ్చుకుంటాయి. కొన్ని గుండె ఆగి హఠాత్తుగా చనిపోతాయి. దాన్ని రాత్రి లోపల పడుకోబెట్టండి, పశువైద్యుడితో రక్తపరీక్ష చేయించండి. గోడకు ఆనించిన కట్టెల గుట్ట ఉంటే దూరంగా జరపండి. వెలుగుకు ఎగిరి వస్తాయి కనుక పెరటి దీపం ఆర్పేయండి.

ప్రశ్న: సావో పాలోలో నాతో పనిచేసే ఒకాయనకు రక్తదానం చేసినప్పుడు చాగస్ ఉందని బయటపడింది. రోజూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తాం. మానేయాలా?

జవాబు: దయచేసి మానకండి. తాకినా, దగ్గినా, కలిసి తిన్నా ఇది అంటదు. రక్తం ద్వారా, అవయవ మార్పిడి ద్వారా, తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. పురుగు పడి నలిగిన ఆహారం వల్ల కూడా వస్తుంది. ఉత్తర బ్రెజిల్‌లో అప్పటికప్పుడు రుబ్బిన అసాయీ పండ్ల రసంతో చాలామంది ఇలాగే జబ్బుపడ్డారు. వేడిచేసి శుద్ధిచేసినదైతే భయం లేదు. మీ మిత్రుడిని ఈ వారమే గుండె పరీక్షకు పంపండి. ఆయన తల్లికీ తోబుట్టువులకూ కూడా రక్తపరీక్ష కావాలి.