ప్రమాణాలు రూపొందించడం కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ చివరి సంవత్సరం చదువుతోంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చినా కాదని, ఎంటెక్ చేసి నెట్‌వర్కింగ్ ప్రమాణాలు రూపొందించే పనిలోకి వెళ్తానంటోంది. నిబంధనలు రాసుకుంటూ కూర్చుంటే కొత్తగా కనిపెట్టేది ఏముంటుంది? – ఒక తండ్రి, ఖమ్మం

సమాధానం: మీ సందేహం నిరాధారమైనది కాదు. ప్రమాణం ఖరారైందంటే అందులోని పొరపాటు కూడా ఖరారైనట్లే. 1997 నాటి తొలి వైఫై ప్రమాణంలో భద్రత కోసం చేర్చిన వెప్ పద్ధతిని ఛేదించవచ్చని 2001లో పరిశోధకులు చూపించారు. అప్పటికే అమ్ముడైన పరికరాలన్నీ దానిపైనే నడుస్తుండగా, దాని స్థానంలో పూర్తి స్థాయి ప్రమాణం ఆమోదం పొందేసరికి 2004 వచ్చింది. అలాగే 1981లో ఐపీ చిరునామాకు (ఇంటర్నెట్‌లో పరికరాన్ని గుర్తించే సంఖ్యకు) 32 బిట్లు చాలనుకున్నారు, అంటే సుమారు 430 కోట్ల చిరునామాలు. అవి సరిపోవని గ్రహించి 1995లోనే 128 బిట్ల ఐపీవీ6ను ప్రకటించినా, పాతదైన ఐపీవీ4 ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

అయితే ఆ ఐపీ నియమాలను వివరించే 1981 నాటి పత్రాన్ని (ఆర్ఎఫ్‌సీ 791) ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, ఎవరి అనుమతీ అడగకుండా దాని ప్రకారం పరికరం తయారు చేయవచ్చు. వేర్వేరు కంపెనీల రూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలుగుతున్నాయంటే ఆ ఉమ్మడి ఒప్పందమే కారణం. నా దృష్టిలో ఈ మేలు ముందు ఆలస్యం చిన్నది.

ఇక కనిపెట్టేది ఏముంటుందన్న మాటకు హైదరాబాద్ ఐఐటీయే సమాధానం. మన పల్లెల్లో టవర్లు దూరదూరంగా ఉంటాయి కనుక, 6 కిలోమీటర్ల ఎడంతో టవర్లున్నా సిగ్నల్ అందాలన్న అవసరాన్ని భారత్ 5జీ ప్రమాణాల చర్చలో ముందుకు తెచ్చింది. ఆ దిశగా రూపొందిన భారతీయ 5జీ ప్రమాణం 5జీఐలో హైదరాబాద్, మద్రాస్ ఐఐటీల పరిశోధకులు పాలుపంచుకున్నారు. దేశానికొక ప్రమాణమైతే ఫోన్లు, పరికరాలు ప్రత్యేకంగా చేయించుకోవాల్సి వచ్చి ధరలు పెరుగుతాయని టెలికం కంపెనీలు అభ్యంతరం చెప్పగా, చివరికి దాన్ని మొబైల్ ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ వేదిక 3జీపీపీ వారి రిలీజ్ 17 అనే ప్రమాణాల సంపుటిలో కలిపారు. విడిగా నిలవకపోయినా పల్లెల అవసరం ప్రపంచ పత్రంలోకి చేరింది. ఇటువంటి పనిని తక్కువగా చూడవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

కానీ చదువు పూర్తయిన వెంటనే ఈ పని దొరకడం అరుదు. ప్రమాణాల సమావేశాలకు కంపెనీలు సాధారణంగా అనుభవజ్ఞులనే పంపుతాయి. అందువల్ల వైర్‌లెస్ పరిశోధన బలంగా ఉన్న సంస్థలో సీటు వస్తేనే ఎంటెక్ చేయించండి. రాకపోతే నెట్‌వర్క్ ప్రోటోకాల్ (పరికరాలు మాట్లాడుకునే నియమాల) కోడ్ రాసే ఉద్యోగంలో చేరడమే మేలు.

ఈలోగా ఆమెను ఇంట్లోని కంప్యూటర్‌లో నెట్‌వర్క్‌లో వచ్చిపోయే సమాచారాన్ని చూపే వైర్‌షార్క్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఒక ఐపీవీ4 ప్యాకెట్ (సమాచారపు పొట్లం) చూడమనండి. ప్యాకెట్ ముందుండే వివరాల భాగమైన ఐపీ హెడర్ మొదటి బైటు సాధారణంగా 45 అని కనిపిస్తుంది: 4 వెర్షన్ సంఖ్య, 5 అంటే అయిదు 32 బిట్ల పదాలు, అనగా 20 బైట్ల హెడర్. ఆర్ఎఫ్‌సీ 791 పక్కన పెట్టుకుని మిగిలిన 19 బైట్లను కూడా ఆమె స్వయంగా విప్పి, మీకు వివరించగలిగితే, ఎంటెక్ దరఖాస్తు నింపించండి.