సిలబస్ మారింది మాస్టారూ!

కాలేజీలో పాఠాలు చెప్పినవాళ్లు రిటైరయ్యాక డిటెక్టివ్ నవలలు రాయగలరా, పాఠం చెప్పే అలవాటు అడ్డం పడదా అని అడిగారు. పడుతుంది, ఎందుకు పడదు. 34 ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి వచ్చినవాణ్ని, మొదటి నవలలో వినాయక చవితి పాయసంలో ఆర్సెనిక్ అనే విషం కలిపించి, దాన్ని పట్టుకునే మార్ష్ పరీక్ష మీద నాలుగు పేజీలు రాసేశా: 1836 నుంచి మొదలుపెట్టి, అనుమానమున్న పదార్థానికి జింకు, ఆమ్లం కలిపితే వచ్చే వాయువును మండించి పింగాణీ పళ్లెం అడ్డం పెడితే నల్లటి మరక ఎలా పడుతుందో దాకా. మా ఆవిడ చదివి "శవం కూడా లేచి నోట్సు రాసుకుంటుందేమో చూడండి" అంది. నాలుగు పేజీలూ నాలుగు లైన్లయ్యాయి.

అసలు దెబ్బ పార్కులో తగిలింది. నాతో పొద్దున్నే నడిచే ఆయన రిటైర్డ్ ఎస్సై. బెంచీ మీద కూర్చుని కాగితాలు తిరగేస్తూ ఒకచోట ఆగారు. "మాస్టారూ, హత్య 2024 చవితికి కదా? హత్య కేసుకి ఐపీసీ సెక్షన్ 302 అని రాశారేంటి? ఆ జూలై 1 నుంచే ఐపీసీ పోయింది, ఇప్పుడు దాని బదులు భారతీయ న్యాయ సంహిత, బీఎన్ఎస్ 103."

సిగ్గేసింది. సిలబస్ మారినా పాత నోట్సే చదివే లెక్చరర్లను ఎంత తిట్టానో నాకే తెలుసు. కానీ 302 మీద మంచి డైలాగొకటి రాసుకున్నా, అది పోతుందని హత్యనే ఏడాది వెనక్కి జరిపా. 2023లో చవితి 18నా 19నా అని గొడవ, గుర్తుందా? కొందరు సోమవారం చేసుకున్నారు, కొందరు మంగళవారం. ఇంకేం, "పండగ రోజు మా అత్తారింట్లో పూజలో ఉన్నా" అన్న హంతకుడి మాట అబద్ధం కాకుండా పోయింది! వాళ్లది సోమవారం, చచ్చినాయన ఇంట్లో మంగళవారం. సర్వీసంతా రాసిన రీసెర్చి పేపర్లలో ఇంత మంచి ఐడియా ఒక్కటీ రాలేదు, వచ్చినా చదివేవాళ్లెవరు?

నన్నడిగితే స్పాట్ వాల్యుయేషన్‌లో పరీక్ష పేపర్లు దిద్దిన ప్రతివాడూ సగం డిటెక్టివే. రెండు పేపర్లలో ఒకే తప్పు ఒకేచోట కనిపిస్తే ఎవరిది చూసి ఎవరు రాశారో ఇట్టే చెప్పేస్తాం. ఆ బాపతు జ్ఞానానికి మాత్రం ప్రమోషన్లలో పాయింట్లు ఉండవు.

నవల పూర్తయింది. ఎస్సై గారికి మళ్లీ ఇచ్చా. ఇన్‌స్పెక్టర్ని ఎస్సైగా మార్చమని పట్టుబట్టి కూర్చున్నారు.