క్రిమినల్ రికార్డు ఉంటే కారు ఇన్సూరెన్స్ ఇస్తారా?

పాత కేసులో శిక్ష పడినవాళ్లకు ఇన్సూరెన్స్ దొరకదేమోనన్న టెన్షన్ ఉంటుంది. సాధారణంగా దొరుకుతుంది. కాకపోతే ప్రీమియం పెరగొచ్చు, కొన్ని కంపెనీలు కుదరదనొచ్చు. తాగి నడపడం, నిర్లక్ష్యంగా నడపడం లాంటివి నేరుగా యాక్సిడెంట్లకు దారితీస్తాయి కాబట్టి వాటినే ఎక్కువగా పట్టించుకుంటారు. మోసం కేసులనూ తేలిగ్గా తీసుకోరు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: ఫారంలో అడిగింది దాచకండి. తర్వాత బయటపడితే పాలసీ రద్దు చేయొచ్చు, సరిగ్గా అవసరమైన రోజున క్లెయిమ్ తిరస్కరించొచ్చు. ప్రశ్నను మాత్రం జాగ్రత్తగా చదవండి; కేసు నడవడం వేరు, శిక్ష పడటం వేరు. బ్రిటన్‌లోనైతే 1974 నాటి చట్టం ప్రకారం, నిర్ణీత గడువు దాటిన శిక్షల గురించి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పనక్కర్లేదు.

ఒక కంపెనీ కాదంటే ఆగిపోకండి. మంచి బ్రోకర్‌ను అడిగితే ఇలాంటి వాళ్లకు పాలసీ ఇచ్చే కంపెనీ ఏదో చెబుతారు.