ఫ్యాక్టరీ గడప తొక్కని నాకెందుకీ భయం?

ప్రశ్న: మా ఆయన ఇరవై ఏళ్లు బాయిలర్ పైపులకు ఆస్‌బెస్టాస్ చుట్టే పని చేశారు. రోజూ ఆయన చొక్కా దులిపి, చేత్తో ఉతికేదాన్ని. జేబుల్లో తెల్లటి నూగు ఉండలు కట్టి ఉండేది. ఆ పని మానేసి 30 ఏళ్లయింది. ఆయన బాగానే ఉన్నారు. నాకే రెండు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం, కుడి పక్కన నొప్పి. దీనికీ దానికీ సంబంధం ఉంటుందా డాక్టర్ గారూ?

జవాబు: ఉండొచ్చమ్మా. ఆ చొక్కా సంగతి రాసి మంచి పని చేశారు, చాలామందికి అది గుర్తే రాదు. మీరు దులిపిన నూగులో కంటికి కనిపించని సన్నని ఆస్‌బెస్టాస్ పోగులుంటాయి. పీల్చినవాటిలో కొన్ని ఊపిరితిత్తుల మీది పొరకు చేరి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతాయి. ఆ పొరకు వచ్చే క్యాన్సరే మీసోథీలియోమా. అది బయటపడటానికి 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది. బట్టలుతికిన ఇల్లాళ్లకూ వచ్చింది.

అలాగని మీకు అదేనని కాదు. ఇలా దుమ్ము పీల్చినవాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు రాదు. ఆయాసానికి గుండె, రక్తహీనత, టీబీ లాంటి కారణాలూ ఉంటాయి. కానీ ఈ వారమే ఛాతీ డాక్టర్‌ను కలవండి, చొక్కా సంగతి ముందే చెప్పండి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల చుట్టూ నీరు కనిపిస్తే సీటీ స్కాన్, అవసరమైతే ఆ పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారు. మీ వారినీ వెంట తీసుకెళ్లండి. ఆయన సిగరెట్ తాగితే మాన్పించండి; ఆస్‌బెస్టాస్‌కు పొగ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లవుతుంది.