బానెట్ మీద తూనీగలు

ప్రశ్న: వానలు మొదలయ్యాక మా ఇంటి వెనక వరిమళ్ల మీద పసుప్పచ్చ తూనీగలు గుంపులుగా తిరుగుతున్నాయి. కుడతాయేమోనని మా అత్తయ్య పిల్లల్ని బయటికి పోనివ్వడం లేదు. కొన్నయితే మా ఎర్ర కారు బానెట్ మీద తోక తాటించి పోతున్నాయి. ఎందుకండీ? వానలు వెలిశాక ఇవన్నీ ఎక్కడికి పోతాయి?
– ఓ పాఠకురాలు, కోవూరు

జవాబు: తూనీగకు కొండి లేదమ్మా, అత్తయ్యగారికి టెన్షన్ వద్దని చెప్పండి. గట్టిగా పట్టుకుంటే కొరకబోతుంది, అంతే. ఆ మాటకొస్తే భయపడాల్సింది తూనీగే. దాని తోకకు దారం కట్టి ఎగరేసే పిల్లలు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు.

తోక తాటించడం గుడ్లు పెట్టడానికి. నీటి మీద పడి తిరిగొచ్చే వెలుతురు అడ్డంగా కంపిస్తుంది. దాన్నిబట్టే తూనీగ నీటి జాడ తెలుసుకుంటుంది. పాలిష్ పట్టిన బానెట్ నుంచీ అలాంటి వెలుతురే వస్తుంది, ఎరుపూ నలుపూ అయితే మరీను. అక్కడ పెట్టిన గుడ్లు ఎండకు మాడిపోవడమే. కారుకు కవర్ వేయండి, పుణ్యముంటుంది.

అసలు చూడాల్సింది దాని పిల్లను. గుళికల మందు చల్లని మడిలో, అడుగు బురదతో సహా టీ వడకట్టుతో తోడి, నీళ్లు పోసిన తెల్ల పళ్లెంలో వదలండి. బురద రంగులో, ఆరు కాళ్లతో, కదలకుండా కూర్చునే పురుగు దొరికితే అదే. దాని ముందుకు ఒక దోమపిల్లను వదిలి చూడండి. గడ్డం కింద మడిచి పెట్టుకున్న కింది పెదవి చటుక్కున ముందుకు సాగి, దోమపిల్లను లాక్కుంటుంది. రెప్ప వేస్తే కనబడదు. ఊపిరి తీసుకునేది కూడా వెనకవైపు నుంచి నీళ్లు పీల్చుకునే. బెదిరితే ఆ నీళ్లనే చిమ్మి ముందుకు దూసుకుపోతుంది. మీరు చూసే పసుప్పచ్చ రకం పిల్లలు నెలన్నరలోపే ఎదిగి రెక్కలు తెచ్చుకోగలవు. వానగుంట ఎండేలోపు పని ముగించాలి కదా!

ఇక, ఎక్కడికి పోతాయంటారా? మీవన్నీ పోతాయని కాదు గానీ, ఈ రకం తూనీగలు అక్టోబరు నుంచి మాల్దీవుల్లో లక్షలాదిగా దిగుతాయి. అక్కడ మంచినీటి గుంటలు తక్కువ కాబట్టి అవి అక్కడ పుట్టినవి కావనీ, దక్షిణ భారతం నుంచి గాలివాటున సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయనీ ఛార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త 2009లో రాశారు. తిరిగొచ్చేవి మాత్రం ఇవే కావు, వీటి తర్వాతి తరాలవి.