అద్దెకి బొమ్మలిచ్చే పనితో బతుకు గడుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో బీఎఫ్‌ఏ పూర్తి చేసింది. తను వేసిన పెయింటింగులు, స్నేహితులవి కలిపి రుషికొండ, మధురవాడ వైపు ఆఫీసులకి నెల అద్దెకిస్తానంటోంది. బ్యాంకు పరీక్షలు రాయమ్మా అంటే వినడం లేదు. బొమ్మలు కొనేవాళ్లే లేరు, అద్దెకి ఎవరు తీసుకుంటారండీ?
- ఒక తండ్రి, విశాఖపట్నం

జవాబు: కొనేవాళ్లు తక్కువ కాబట్టే అద్దెకి తీసుకునేవాళ్లు దొరుకుతారండీ. రిసెప్షన్ గోడకి 40,000 పెట్టి బొమ్మ కొనాలంటే మేనేజరు పైవాళ్లని ఒప్పించాలి. రేపు ఆఫీసు మారితే దాన్నేం చేయాలన్నది మరో తలనొప్పి. అదే నెలకి వెయ్యి అంటే, కుండీ మొక్కల అద్దెతో పాటు నడిచిపోతుంది. మూడు నెలలకో ఆరు నెలలకో బొమ్మలు మారుతుంటే గోడ కూడా కొత్తగా ఉంటుంది. కెనడాలో ప్రభుత్వ సంస్థే 1972లో ఆర్ట్ బ్యాంకు పెట్టి ఆఫీసులకి బొమ్మలు అద్దెకిస్తోంది. కాబట్టి మీ అమ్మాయిది గాలిమేడ కాదు. ఆదాయం లెక్క మాత్రం తను ముందే వేసుకోవాలి.

20,000 ధర కట్టిన పెయింటింగుకి నెలకి మూడు శాతం, అంటే 600 అద్దె అనుకుందాం. పది బొమ్మలిస్తే వచ్చేది 6,000. అందులో సగం వేసినవాళ్లకివ్వాలి. 70 బొమ్మలు గోడలెక్కితేనే 42,000 వస్తుంది, తన వాటా 21,000. ఆటో కిరాయి, ఫ్రేముల మరమ్మతు, బీమా అందులోంచే పోవాలి. కాబట్టి మొదటి ఏడాది ఇదొక్కటే నమ్ముకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఇంటీరియర్ డిజైనర్ దగ్గర చిన్న ఉద్యోగంలో చేరమనండి. ఏ ఆఫీసు ఎక్కడ తెరుస్తున్నారో, గోడల గురించి ఎవరు నిర్ణయిస్తారో అక్కడే తెలుస్తుంది.

అసలు నైపుణ్యం బొమ్మను కాపాడటంలో ఉంది. విశాఖ ఉప్పుగాలి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. పగలంతా ఏసీ, రాత్రి కట్టేస్తే తేమ; కాగితం మీద వేసిన బొమ్మకి బూజు పడుతుంది, కాన్వాసు వదులవుతుంది. సముద్రం వైపు అద్దాల గోడకి ఎదురుగా వేలాడదీస్తే ఎండకి రంగులు వెలిసిపోతాయి. ఫ్రేము వెనక గోడకి అంటకుండా చిన్న బిరడాలు పెట్టడం, గాజుకి బదులు యాక్రిలిక్ షీటు వేయడం, ఇచ్చేటప్పుడూ తెచ్చేటప్పుడూ నాలుగు మూలలా ఫొటోలు తీసి సంతకం చేయించుకోవడం అలవాటు కావాలి. వీటిలో సగం కాలేజీలో నేర్పరు. మంచి ఫ్రేము షాపులో కొన్నాళ్లు కూర్చుంటే వస్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో ఎన్ని అద్దాలు పగిలాయో గుర్తుందిగా. తుఫాను హెచ్చరిక వస్తే బొమ్మలు ఎవరు దింపాలి, పాడైతే ఎవరు కట్టాలి అన్నది ఒప్పందంలో ముందే రాసుండాలి.

ఒప్పందంలో మరో మాట అమ్మాయి చేత తప్పక రాయించండి. బొమ్మ అద్దెకిచ్చినంత మాత్రాన కాపీరైటు పోదు. కంపెనీ దాన్ని క్యాలెండరు మీదో వెబ్‌సైటులోనో వేసుకోవాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి, దానికి విడిగా డబ్బివ్వాలి. కానీ డబ్బిచ్చి ఆర్డరు మీద వేయించుకున్న పెయింటింగు సంగతి వేరు. వేరే ఒప్పందం లేకపోతే 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం దాని కాపీరైటు వేయించుకున్నవాళ్లకే వెళుతుంది. పెద్ద కంపెనీ పిలిచి అడిగిందన్న సంబరంలో పిల్లలు ఇక్కడే నష్టపోతారు. అది తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

అప్పు చేయొద్దు. చిన్న వ్యాపారాలకి అప్పులిచ్చే ముద్రా పథకంలో శిశు అనే విభాగం కింద 50,000 దాకా రుణం ఉన్నా, తొలి పది బొమ్మలకి అది అక్కర్లేదు. చిన్న వ్యాపారాలు ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా ఇలాంటి సేవలకి మామూలుగా జీఎస్టీ నమోదు అవసరం రాదు.

మొదట వెళ్లాల్సింది రుషికొండ, మధురవాడ వైపు ఐటీ కంపెనీలకి కాదని నా అభిప్రాయం. వాటికి అనుమతులు చాలాసార్లు వేరే ఊళ్లోని హెడ్డాఫీసు నుంచి రావాలి. సిరిపురం, ద్వారకానగర్ వైపు దంత వైద్యులు, ఆడిటర్లు, లాయర్లు ఉన్నారు; అక్కడ యజమానే నిర్ణయిస్తాడు. ముగ్గురిని ఒప్పించి, తలా మూడు బొమ్మలు ఆరు నెలలకి ఇచ్చి చూడమనండి. గడువు తీరాక ఇద్దరైనా అద్దె కట్టి కొనసాగిస్తే ముందుకి వెళ్లొచ్చు. ఎవరూ కొనసాగించకపోతే ఎంఎఫ్‌ఏ చేసి, విజువల్ ఆర్ట్స్‌లో యూజీసీ నెట్ రాసి అధ్యాపక వృత్తిలోకి వెళ్లే దారి ఉంది. ఆ ఆరు నెలలూ బ్యాంకు పరీక్షల మాట ఇంట్లో ఎత్తకండి.