ప్రపంచ చరిత్ర చదివాక సామ్రాజ్యాల గురించి, మతాల గురించి మీకు ఏం అర్థమైంది?

ప్రపంచ చరిత్ర పేపరులో రోమన్లు, అరబ్బులు, మంగోలులు ఒకరి వెనక ఒకరు వచ్చి పోతుంటే తేదీలు తప్ప ఏమీ గుర్తుండటం లేదని, మతాలు అంత దూరం ఎలా వెళ్లాయో పాఠంలో ఎక్కడా సరిగ్గా చెప్పట్లేదని, ఇదంతా ఎలా చదవాలని మీరు రాశారు. నేను ఎం.ఏ. చరిత్ర రెండో సంవత్సరం చదువుతున్నాను. మీ ప్రశ్నలోని ఆ రెండో భాగమే నన్ను కూడా బాగా పట్టుకుంది. కాబట్టి దాని గురించే రాస్తాను.

రాజు మతం మార్చుకున్న తేదీ దగ్గర ఆగిపోతే మనకు ఏమీ తెలియదు. ఆ తేదీకి అటూ ఇటూ వందా రెండొందల ఏళ్లపాటు మామూలు జనం ఎవరికి ఏ పన్ను కట్టారు, చేతిలో ఏ నాణెం తిరిగింది, పిల్లలకు ఏం పేర్లు పెట్టుకున్నారు, గుడికో విహారానికో డబ్బు ఎవరిచ్చారు అని వెతికితే అసలు కథ అక్కడ దొరుకుతుంది. నేను ఏ సామ్రాజ్యం గురించి చదివినా ముందు ఇవే చూస్తాను.

రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్‌నే తీసుకోండి. చాలా గైడ్లలో ‘కాన్‌స్టాంటైన్ క్రైస్తవాన్ని రోమ్ అధికార మతంగా ప్రకటించాడు’ అని ఒక్క వాక్యం ఉంటుంది. అది సరైంది కాదు. క్రీ.శ. 312లో మిల్వియన్ వంతెన దగ్గర యుద్ధం గెలిచాడు, 313లో క్రైస్తవులు స్వేచ్ఛగా పూజించుకోవచ్చన్నాడు, 325లో నైసియాలో బిషప్పులను సమావేశపరిచాడు. 312 తర్వాత కూడా ఏళ్ల తరబడి అతని నాణేల మీద సూర్యదేవుడి బొమ్మ వస్తూనే ఉంది. ఆదివారం సెలవు అని 321లో ఇచ్చిన ఉత్తర్వులోనూ దాన్ని సూర్యుడి రోజు అనే రాశారు. అతను బాప్తిస్మం తీసుకున్నది 337లో, చావు మంచం మీద. అధికార మతం అన్న మాటకు తగిన శాసనం వచ్చింది 380లో, థియోడోసియస్ కాలంలో. అంటే మిల్వియన్ వంతెనకూ ఆ శాసనానికీ మధ్య దాదాపు డెబ్భై ఏళ్లు. ఈ మధ్యలో పుట్టి పెరిగి చనిపోయిన మనిషి తన జీవితమంతా రెండు రకాల పండగలూ చూసి ఉంటాడు. పరీక్షలో ఈ డెబ్భై ఏళ్లను వివరించగలిగితే మార్కులు వాటంతట అవే వస్తాయి.

ఈ దారిలోకి నన్ను తెచ్చింది మాత్రం అరబ్ సామ్రాజ్యం. క్లాసులో మా మేడం ఒక వెండి నాణెం ఫొటో చూపించి, ఇది ఎవరిదో చెప్పమన్నారు. ముందు వైపు రెక్కల కిరీటం పెట్టుకున్న పారశీక చక్రవర్తి, సాసానియన్ వంశపు రెండో ఖుస్రూ. వెనక వైపు అగ్నిగుండం, దానికి అటొకరు ఇటొకరు కాపలా. అక్షరాలు అప్పటి పారశీక లిపి అయిన పహ్లవీ. మేమంతా సాసానియన్ నాణెం అన్నాం. అప్పుడు ఆమె అంచును పెద్దది చేసి చూపించారు. బొమ్మ చుట్టూ ఉన్న వలయానికి బయట, సన్నని అరబిక్ అక్షరాల్లో ‘బిస్మిల్లా’, అంటే అల్లా పేరుతో, అని ఉంది. అది అరబ్బులు ఇరాన్‌ను జయించాక కొట్టించిన నాణెం.

ఆ అంచు నన్ను చాలా రోజులు వదల్లేదు. ముహమ్మద్ ప్రవక్త మరణించింది 632లో. చివరి సాసానియన్ రాజు చనిపోయింది 651లో. ఖలీఫా అబ్దుల్ మాలిక్ బొమ్మలు తీసేసి, అక్షరాలు మాత్రమే ఉన్న నాణేలు మొదలుపెట్టింది 690ల చివర్లో. ఈలోగా దాదాపు నలభై ఐదేళ్లు, ముస్లిం పాలకులు అగ్నిగుండం బొమ్మ ఉన్న డబ్బునే ముద్రించి వాడారు. జనానికి అలవాటైన నాణెం అది. అంగట్లో చెల్లేదీ, పన్నుగా వసూలయ్యేదీ అదే. పన్ను లెక్కలు కూడా ఇరాన్‌లో చాలాకాలం పాత గుమస్తాలే పహ్లవీలో రాశారు, సిరియాలో గ్రీకులో రాశారు. కొత్త రాజ్యం పాత ఆఫీసులోనే నడిచింది.

పన్ను సంగతి నాకు ఇంకా బాగా అర్థమైంది ఇంట్లో. మా నాన్న పంచాయతీలో బిల్ కలెక్టర్. సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు ఉమయ్యద్ అనే అరబ్ ఖలీఫాల వంశం పాలనలో ముస్లిమేతరులు జిజియా అనే తలపన్ను కట్టేవారని, మతం మారితే అది పోవాలని చెప్తున్నాను. ఆయన అన్నం తింటూ, “మరి అందరూ మారిపోతే ఖజానాలోకి ఏం వస్తది తల్లీ?” అన్నారు. సరిగ్గా అదే ప్రశ్న ఇరాక్ గవర్నరు అల్ హజ్జాజ్‌కూ వచ్చింది. ఇస్లాం తీసుకుని పొలాలు వదిలి పట్టణాలకు చేరిన రైతులను అతను తిరిగి ఊళ్లకు పంపించాడు, వాళ్ల దగ్గర పాత పన్నే వసూలు చేశాడు. 717లో ఖలీఫా అయిన రెండో ఉమర్ ఇది అన్యాయమని ఆపించాడు. అతను మూడేళ్లే ఉన్నాడు. తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు. మతం మారినా సమానత్వం రాలేదన్న కోపం ఇరాన్ ఈశాన్యాన ఉన్న ఖురాసాన్‌లో పేరుకుపోయింది. 747లో అక్కడ మొదలైన తిరుగుబాటే 750కల్లా ఉమయ్యద్‌లను దించి అబ్బాసీలనే కొత్త ఖలీఫా వంశాన్ని తెచ్చింది, ఆ అబ్బాసీలే 762లో బాగ్దాద్ కట్టడం మొదలుపెట్టారు. ‘ఉమయ్యద్ పతనానికి కారణాలు’ అన్న ప్రశ్నకు నేను ఇప్పుడు ఈ పన్ను దగ్గర నుంచే రాస్తాను.

మీరు గమనించారా, జయించిన రాజ్యానికే అందరూ మతం మారడం అవసరం లేకపోయిన సందర్భం ఇది. జనం మారింది కూడా చాలా నెమ్మదిగా. దాన్ని చరిత్రకారులు ఎలా లెక్కగట్టారో చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఆ కాలపు పండితుల జీవిత చరిత్రల్లో వంశాన్ని వరసగా రాసేవారు: ఫలానావాడి కొడుకు, ఫలానావాడి కొడుకు అని. ఆ వరసలో వెనక్కి పోతూ ఉంటే ఒకచోట అరబిక్ పేర్లు అయిపోయి, రుస్తుం లాంటి పారశీక పేరు తగులుతుంది. ఆ కుటుంబం మారిన తరం ఇంచుమించు అది. అలాంటివి వందల వరసలు కూడితే, ఇరాన్‌లో ముస్లింలు మెజారిటీ కావడానికి యుద్ధాలు ముగిశాక కూడా రెండొందల ఏళ్ల పైనే పట్టిందని తేలింది. ఎవరో తాతకు ఎవరో తండ్రి పెట్టిన పేరు ఇంత పెద్ద ప్రశ్నకు సాక్ష్యం అవుతుందని నేను ఎన్నడూ ఊహించలేదు.

మంగోలుల దగ్గర ఈ కథ తిరగబడుతుంది. 1258లో బాగ్దాద్‌ను నేలమట్టం చేసి ఖలీఫాను చంపించిన హులాగు తల్లి క్రైస్తవురాలు, భార్య డోకుజ్ ఖాతూన్ కూడా క్రైస్తవురాలే. అతని వరస సోదరుడు, వోల్గా వైపు ఏలిన బెర్కే ముస్లిం అయ్యాడు. 1260లలో ఇద్దరికీ యుద్ధం జరిగింది. చైనాను ఏలిన సొంత అన్న కుబ్లాయ్ టిబెట్ లామా ఫగ్స్‌పాను గురువుగా పెట్టుకున్నాడు. ఒకే చెంఘిజ్ ఖాన్ మనవలు వీళ్లు. ఇక హులాగు మునిమనవడు ఘాజాన్ 1295లో ఇరాన్‌లో ఇస్లాం స్వీకరించి గద్దెనెక్కాడు. ఖలీఫాను చంపిన ఇల్లు నలభై ఏళ్లు తిరక్కుండానే ఖలీఫా మతంలోకి వచ్చేసింది. అక్కడి పాలన నడిపే మంత్రులు, లెక్కలు రాసేవాళ్లు, తీర్పులు చెప్పేవాళ్లు, సైన్యంలో చేరిన తురుష్కులు, చాలామంది ముస్లింలు. వాళ్లు లేకుండా రాజ్యం నడవదు. కత్తి ఎవరి చేతిలో ఉందో వాళ్ల మతమే గెలుస్తుందని వాట్సాప్ గ్రూపుల్లో తేలిగ్గా అనేస్తారు కదా, వాళ్లకు నేను ఈ 1258, 1295 సంవత్సరాలు రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

అలాగని బలవంతం జరగలేదని నేను అనను. జరిగింది, దాన్ని పలచన చేసి చెప్పడం చనిపోయినవాళ్లకు అన్యాయం. 782లో ఫ్రాంకుల క్రైస్తవ రాజు చార్లెమాన్ జర్మనీలోని వెర్డెన్ దగ్గర ఒక్కరోజే 4,500 మంది శాక్సన్ల తలలు తీయించాడని అతని ఆస్థాన వార్షికాలే రాసుకున్నాయి. బాప్తిస్మం వద్దంటే మరణశిక్ష అని చట్టం కూడా చేశాడు. అతని కొలువులోని పండితుడు ఆల్క్విన్ 796లో, కొత్తగా మతంలోకి వచ్చినవాళ్ల మీద వెంటనే చర్చి పన్ను వేయొద్దని, విశ్వాసం బలవంతంతో రాదని రాజుకే ఉత్తరం రాశాడు. ఆ ధైర్యం నాకు చాలా గౌరవం కలిగించింది. స్పెయిన్‌లో 1492లో యూదులను వెళ్లగొట్టారు. ముస్లింలకు బలవంతంగా బాప్తిస్మం ఇప్పించి, వందేళ్ల తర్వాత 1609లో, ఆ బాప్తిస్మం తీసుకున్నవాళ్ల మనవలను కూడా వెళ్లగొట్టడం మొదలుపెట్టారు. మతం మారినా నమ్మలేదు. ఈ అధ్యాయం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చదివేవాళ్లు ఏ మతం వాళ్లయినా, తమ వైపు వాళ్లు చేసినదాన్ని కూడా ఇంతే సూటిగా చదవాలి. మంగోలుల గురించి పైన మెచ్చుకున్నట్టు రాశాను కానీ, ఘాజాన్ కాలంలో ఇరాన్‌లో బౌద్ధాలయాలు కూల్చారు, అదీ నిజమే.

ఇక మన దగ్గర. మాది మాచర్ల వైపు పల్లె. విజయపురి సౌత్ నుంచి లాంచీలో నాగార్జునకొండకు స్కూలు పిల్లలుగా వెళ్లినవాళ్లు చాలామంది ఉంటారు, నేనూ వెళ్లాను. ఎం.ఏ.లో చేరాక మళ్లీ వెళ్లి చూస్తే అదంతా వేరేగా కనిపించింది. ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. అతని సొంత చెల్లెలు శాంతిశ్రీ బౌద్ధుల మహాచైత్యానికి, అంటే పెద్ద స్తూపానికి, దానాలు ఇచ్చింది. అదే లోయలో కార్తికేయుడి గుడి కూడా ఉండేది. బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనంలో, తామ్రపర్ణి అంటే శ్రీలంక నుంచి వచ్చిన ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించానని ఉంది, ఆ ఆచార్యులు ధర్మం చెప్పిన దేశాల జాబితాలో కాశ్మీరం, గాంధారం, చైనా ఉన్నాయి. కృష్ణ ఒడ్డున ఒక మామూలు గృహస్థురాలు చైనా పేరు రాతిలో చెక్కించింది! ఇక్కడ రాజు మతం ఏదని అడిగితే వైదికం అని రాసి ఒక మార్కు తెచ్చుకోవచ్చు. విహారాలు ఎలా నిలిచాయి అని అడిగితే మాత్రం అంతఃపుర స్త్రీల దగ్గరికి, బోధిశ్రీ లాంటి దాతల దగ్గరికి, ఘంటసాల వైపు ఓడరేవుల వర్తకుల దగ్గరికి వెళ్లాల్సిందే.

కర్నూలు జిల్లా ఎర్రగుడి గురించి కూడా చెప్పాలి. గుత్తికి దగ్గర్లోనే, అశోకుడి పెద్ద శిలాశాసనాలు 14 ఒకేచోట ఉన్న బండలు అవి. 13వ శాసనంలో కళింగలో లక్షమంది చనిపోయారని, లక్షా యాభై వేలమందిని తరలించారని, దానికి బాధపడుతున్నానని చక్రవర్తి తనే చెప్పుకుంటాడు. సిరియా, ఈజిప్టు గ్రీకు రాజుల పేర్లూ, ఆంధ్రుల పేరూ అదే శాసనంలో వస్తాయి. మీరు చదివేటప్పుడు రెండు విషయాలు వదలకండి. అడవి జాతుల వాళ్లతో మాట్లాడేటప్పుడు, పశ్చాత్తాపపడ్డా తనకు శిక్షించే శక్తి ఉందని గుర్తుచేస్తాడు. పైగా ఈ 13వ శాసనం కళింగలోని ధౌలి, జౌగడల్లో లేదు. దాని బదులు అక్కడి అధికారులు జనాన్ని న్యాయంగా చూడాలని వేరే శాసనాలు చెక్కించాడు. దేశమంతా చెప్పుకున్న బాధను, దెబ్బతిన్న చోట చెప్పలేదు. ఇది పాలకుడి జాగ్రత్తా, సిగ్గా అన్నది ఎవరికి వాళ్లు ఆలోచించాల్సిందే. నాకైతే జాగ్రత్తే ఎక్కువనిపిస్తుంది, కానీ అధికారులకు చెప్పిన ఆ మాటల్లో నిజాయితీ కూడా వినిపిస్తుంది.

ఎలా చదవాలి అన్నారు కాబట్టి చివరగా: మొదటి పేజీ నుంచి చివరి దాకా వరసగా చదవకండి, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. 632 నుంచి 762 వరకు ఉన్న నూట ముప్ఫై ఏళ్లతో మొదలుపెట్టండి. సైన్యం, పన్ను, భాష, నాణెం, మతం అన్నీ ఆ కొద్ది కాలంలోనే ఒకదానికొకటి తగులుతూ కనిపిస్తాయి. ఒక పేజీ మీద మధ్యలో ఖలీఫాల పేర్లు రాసుకుని, ఎడమ పక్క పన్నుల మార్పులు, కుడి పక్క నాణేల మార్పులు రాయండి. అది పట్టు దొరికాక రోమ్‌కు వెళ్లండి, అదే పద్ధతిలో 312 నుంచి 380 వరకు. మంగోలులను ఆ తర్వాత పెట్టుకోండి, వాళ్ల వంశవృక్షం ఒకటి గీసుకుని ప్రతి పేరు పక్కన మతం రాసుకుంటే చాలు. నాణేల ఫొటోలు పెద్ద మ్యూజియంల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి, అంచుల దాకా పెద్దవి చేసి చూడండి.